మేస్త్రి మిగిల్చిన జానెడు చెక్క

మా మేస్త్రి పోయినాడని ఫోను వచ్చినప్పుడు నేను ఆదోనిలో, మా తలుపుల షాపులో, కంప్యూటర్ ముందు కూర్చుని, చెక్క చెక్కే బిట్టు మొన కోణం కొడుతున్నా. తొమ్మిది కొట్టినాక సున్నా దగ్గర వేలు ఆగిపోయింది. ఆ తొంభై గురించే ఈ నాలుగు మాటలు. చాలా ఆలస్యంగా రాస్తున్నా.

ఆయనది ఎమ్మిగనూరు. రోజూ పొద్దున బస్సులో వచ్చేవాడు. ఏళ్ల తరబడి ఉలి పట్టిన చేయి. షాపులోకి కంప్యూటర్ చెప్పినట్టు చెక్క చెక్కే సీఎన్‌సీ మిషను వచ్చినాక దానికి బిట్లు బిగించే పని ఆయనది, ఆ బిట్టు వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించే పని నాది. ఒక చెక్కదిమ్మెకు బెజ్జాలు వేసి బిట్లను అందులో నిలబెట్టేవాడు. ఇంటి దగ్గర మగ్గాలవాళ్లను అడిగి తెచ్చిన నూలుపోగులు ఒక్కో బెజ్జం పక్కన మేకుకు చుట్టేవాడు. అరవై డిగ్రీల బిట్టుకు ఎరుపు, తొంభైకి నీలం. బిట్టు మార్చినప్పుడల్లా పనికిరాని ముక్క మీద ఒక గాడి తీయించి గోటితో తడిమి చూసేవాడు. "ముందు ముక్కనడుగప్పా, ఆమీట తలుపు జోలికి పో" అనేవాడు.

నాకా ఓపిక యాడిది! నా సంచి నిండా శ్రమ, సమానత్వం అని కరపత్రాలు. అన్నం తినేటప్పుడు ఆయనకు చదివి వినిపించేవాణ్ణి. "పని చేసేవాడు పని చేసేవాడి పక్కన నిలబడాల మేస్త్రీ!" అని గొంతు చించుకుంటే, "నిలబడుదువుగానీ, ముందు కూసోని తిను" అని నా టిఫిన్ మూతలో ఊరగాయ వేసేవాడు.

ఒకసారి ఎమ్మిగనూరు నేతకుటుంబం ఒకటి టేకు తలుపు చెప్పినారు. తాము నేసే చీర అంచులోని పూలతీగే తలుపు నిండా రావాలన్నారు. మేస్త్రి బిట్టు బిగించి, "తొంభైదప్పా ఇది. ఆడ కంప్యూటర్‌లో ఏముందో సూడు" అన్నాడు.

"చూసినాలే."

"ముక్క మీద ఒక గాడి..."

"తెర మీద బొమ్మ బాగానే కనపడతాంది కదా! నీ ముక్కల పురాణం ఇడిసిపెట్టు."

కంప్యూటర్‌లో అంతకుముందు పని తాలూకు అరవై అట్లే ఉంది. మిషనుకు కళ్లు లేవు. సన్నటి బిట్టే ఉందనుకుని లోతుగా దింపింది. వెడల్పు బిట్టు అంత లోతు దిగేసరికి రేకు పక్క రేకులో పడింది. పూలన్నీ ఒకదాన్నొకటి మింగేసినాయి.

ఆ పూటే తలుపు చూసుకుందామని వచ్చిన ఆ నేతింటి పెద్దాయన కలిసిపోయిన రేకుల మీద వేలు పెట్టి చూసినాడు. ఓనరు అరిచినాడు: "ఎవరప్పా ఇట్ల సేసింది?"

"నన్నడుగుతారేంది? బిట్టు బిగించినాయన్ను అడగండి!" అని ఎగిరినా.

మేస్త్రి నా వైపు చూసినాడు. తరువాత మిషను వైపు చూసి, "నేనే సార్. సరిగా సూసుకోలేదు" అన్నాడు.

మరుసటి రోజు నుంచి ఆయన్ను మిషను దగ్గరికి రానీలేదు. వెనక షెడ్డులో ఉప్పుకాగితం రుద్దే పనికి పెట్టినారు. పాడైన తలుపును ఆయన అడిగి ఇంటికి తీసుకుపోయినాడు. నేను కంప్యూటర్‌లో అరవైని తొంభై చేసి ఊరకున్నా. ఆయనకు చదివి వినిపించడం మానేసినా. "ఈ పొద్దు ఏం సదవవా?" అని ఆయనే అడిగేవాడు. రెండేళ్లు అడిగినాడు. చెప్పాల్సింది ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో, ఎన్నిసార్లు అన్నం ముద్దతో మింగినానో.

ఆ ఫోను వచ్చినాక, ఎమ్మిగనూరు బయల్దేరే ముందు, తప్పు నాదని ఓనరుకు చెప్పినా. "ఇప్పుడెందుకప్పా సెప్తాండావు?" అన్నాడు. నేను పోయి బస్సెక్కినా.

మేస్త్రి ఇంటికి ఆ తలుపే ఉంది. పైనుంచి చిత్రిక పట్టి పట్టి చెక్క మందం తగ్గించినాడు. పై పొర పోయేకొద్దీ గాడులు సన్నమై, పూలు మళ్లీ వేటికవి విడిపోయినాయి. ఆకుల్లోని సన్న ఈనెలు మాత్రం చిత్రికతోనే పోయినాయి. అడుగున ఒక జానెడు మటుకు ముట్టలేదు.

"నువ్వేనా అప్పా, పుస్తకాలు సదివే పిల్లోడివి?" అంది ఆయన భార్య.

"అమ్మా, ఈ తలుపు పాడు చేసింది నేను."

"తెలుసులేప్పా. ఆ కిందిది ఎందుకిడిసినావంటే, వాడే వస్తాడు, వాడే సేస్తాడు అనేటోడు."

వంగి చూసినా. తలుపు అంచున, ఎంత లోతు పట్టాలో నాకు తెలిసేటట్టు, పెన్సిలు గీత. ఇంకా చెరిగిపోలేదు. ఆ జానెడులో రెండు పూలు ఒకదాంట్లో ఒకటి పడి అట్లే ఉన్నాయి.