ఆరు దాటిన నిమిషం

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మరి మొండివాడి పెళ్ళాం సంగతి ఎవరూ చెప్పరు. చెప్పాలంటే ముందు సమ్లీ దగ్గర మొదలుపెట్టాలి.

పింగ్ నది ఒడ్డున మా ఊరి పార్కు గేటు పక్కన బొగ్గుల మీద అరటికాయలు కాల్చి అమ్మేది సమ్లీ. ఆమె మొగుడు తోంగ్‌బై ఆ పార్కులో తోటమాలి. లోపల చెరువు గట్టున వరసగా ఉన్న నిద్రగన్నేరు చెట్లన్నీ అతను నాటినవే. పెళ్ళైన కొత్తలో బిందెలతో నీళ్ళు మోసింది సమ్లీయే. ఆ మాట అతను ఎక్కడా చెప్పడు, ఆమె చెప్పనిచోటు లేదు.

ఇప్పుడు తోంగ్‌బై మంచంలో ఉన్నాడు. నడుం కింది భాగం పనిచేయదు. ఇల్లు చూస్తే కాలవ మీద కొయ్య గుంజల పైన, నిచ్చెన మెట్లతో ఉంటుంది. అతన్ని దింపడానికి నలుగురు కావాలి, ఎక్కించడానికి ఆరుగురు. అంతలో రోడ్డు వెడల్పు చేస్తారనీ, గట్టు మీద చెట్లు కొట్టేస్తారనీ కబురొచ్చింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు తోంగ్‌బై. మూడో రోజు, "సాయంత్రం ఆకులు ముడుచుకుంటాయి చూడు, ఆ వేళప్పుడు ఒక్కసారి చూస్తే చాలు" అన్నాడు.

సమ్లీ ఫోనులో తీసుకొచ్చి చూపించింది. "ఇదేంటే, తాళం కన్నంలోంచి చూసినట్టుంది" అని మొహం తిప్పుకున్నాడు. సరేనని పెళ్ళిళ్ళకి వీడియోలు తీసే చుచీప్‌ని బతిమాలి, మూడుకాళ్ళ స్టాండు మీద నిలిపే పెద్ద కెమెరాతో పార్కుకి తీసుకెళ్ళింది. గేటు దగ్గరే కాపలాదారు ప్రయోంగ్ అడ్డం నిలబడ్డాడు.

"అక్కా, కెమెరాకి కాళ్ళుంటే పర్మిషన్ ఉండాలి."

"నీకు కాళ్ళొచ్చింది మా ఆయన వేయించిన ఉద్యోగంతో రా ప్రయోంగ్!"

"అందుకే చెబుతున్నా. ఈ రూలు నాకు నేర్పింది అన్నే."

నిజమే. కాగితం లేకుండా సినిమావాళ్ళు లోపలికొస్తే పైపుతో నీళ్ళు కొట్టి తరిమిన ఘనుడు తోంగ్‌బై. ఇంటికెళ్ళి ఈ సంగతి చెబితే మొగుడు మెచ్చుకున్నది కాపలాదారుని! "భేష్ రా ప్రయోంగ్" అన్నాడు. "వినవే, పర్మిషన్ లేకుండా గోడ దూకి తీసుకొస్తే నేను చూడను. దొంగ సినిమా నా కంటికి చూపించకు."

"చచ్చేలోపు చూడాలనుందా, రూలు చూడాలనుందా నీకు?"

"రెండూ."

ఇక ఏం చేస్తుంది? అరటికాయల బండికి గుడ్డ కప్పి మునిసిపల్ ఆఫీసుకి బయల్దేరింది. అక్కడ గుమస్తా కన్నికా మంచి పిల్లే. కానీ ఆమె దగ్గరున్న దరఖాస్తు మూడు రకాలవాళ్ళకే: సినిమా, ప్రకటన, పెళ్ళి ఫొటోలు. మొగుడికి చెట్లు చూపించే భార్య అనే గడి అందులో లేదు.

"పెద్దమ్మా, పెళ్ళి ఫొటోలకి రేటు తక్కువ. అది రాసెయ్యనా?"

"ఈయనతో మళ్ళీ పెళ్ళా? మొదటిసారికే నడుం విరిగింది. అబద్ధం రాయొద్దు తల్లీ, ఆయనకి తెలిస్తే చూడనంటాడు."

"అయితే సినిమా రాయాలి. కథేమిటి?"

"చెట్లుంటాయి."

"తర్వాత?"

"తర్వాత ఉండవు."

కన్నికా కథ అన్నచోట అదే మాట రాసింది. నటులు అన్నచోట చెట్లు అని రాసింది. పై అధికారి అది చూసి నవ్వి తిప్పి పంపాడు. సమ్లీ మళ్ళీ వెళ్ళింది. కంపెనీ ముద్ర లేదని ఇంకోసారి తిప్పారు. అరటికాయలమ్మేదానికి కంపెనీ ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, అధికారి ఒప్పుకున్నాక డబ్బు కట్టించుకునే ఆయన సెలవులో ఉన్నాడు. చెప్పులరిగేలా తిరిగింది. చివరికి ఒక గంటకి డబ్బు కట్టి, ఐదు నుంచి ఆరు దాకా అని రాసిన కాగితం చేతిలో పట్టుకుని ఇల్లు చేరింది. ఎప్పుడనుకున్నారు? చెట్లు కొట్టే ముందురోజుకి!

తోంగ్‌బై ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి దిండు కింద పెట్టుకున్నాడు. "మరి ముహూర్తం?" అన్నాడు.

ముహూర్తం లేకుండా ఏ సినిమా మొదలవుతుంది? గుడికెళ్ళి గురువుగారిని అడిగింది. ఆయన లెక్కలు కట్టి, ఐదూ యాభైతొమ్మిదికి కెమెరా మీట నొక్కమన్నాడు. మాకు తొమ్మిది అంకె ఎంత కలిసొస్తుందో చెప్పక్కర్లేదు, చివర తొమ్మిది కనపడగానే మొగుడూ పెళ్ళాం పొంగిపోయారు. ఐదుకీ ఆరుకీ మధ్యలోనే ఉంది కదా, ఇంకేం కావాలనుకున్నారు. చదువుకున్నవాళ్ళం మేం చుట్టుపక్కల ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు. మాదీ అదే బుద్ధి మరి.

ఆ సాయంత్రం సమ్లీ పార్కులో భూమిని కాచే దేవత గూటి ముందు ఎర్ర సోడా పెట్టి దణ్ణం పెట్టుకుంది. చుచీప్ గట్టు మీద కెమెరా నిలబెట్టాడు. నదిగాలికి కొమ్మలు ఊగుతున్నాయి, ఎండ ఏటవాలుగా పడుతోంది.

"నొక్కనా అక్కా? వెలుతురు బంగారంలా ఉంది."

"ఆగు. ఐదూ యాభైతొమ్మిదికి."

చుచీప్ వాచీ చూసుకున్నాడు, కాగితం చూశాడు, ఆమె మొహం చూశాడు. "మరి ఆరింటికి మూసెయ్యాలి కదా?"

అయ్యో, ఇంత తిరిగి, ఇంత కట్టి, చేతిలో మిగిలింది ఒక్క నిమిషమా! సమ్లీ ఇంటికి ఫోను చేసింది.

"ముహూర్తం కంటే ముందు ముట్టుకోవద్దు" అన్నాడు తోంగ్‌బై.

"పోనీ ఆరు తర్వాత?"

"ఆరు తర్వాత మన పార్కు కాదు."

"నీ తిక్క కాకులెత్తుకెళ్ళ!" అని ఫోను పెట్టేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుని చుచీప్‌తో అంది: "ఒక్క నిమిషమైతే ఒక్క నిమిషమే. పంచదారని నోట్లో వేసుకున్నట్టు నెమ్మదిగా, ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పు. మాట్లాడకు."

వేళ కాగానే మీట నొక్కాడు. కానీ పెళ్ళిళ్ళలో తాగినవాళ్ళ మధ్య కూడా వణకని చేతులు అప్పుడు వణికాయి. బొమ్మ మసకబారింది. సరిచేసుకుంటుండగానే ప్రయోంగ్ వాచీ చూసుకుంటూ వచ్చేశాడు. "అక్కా, అయిపోయింది, ఇక ఆపె—" అంటూ చెయ్యి చాపాడు.

ఆ క్షణాన పార్కు మైకుల్లో, రోజూ జెండా దించేవేళ వేసే ఆరింటి జాతీయగీతం మొదలైంది. పరిగెత్తేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. అందరూ గేటు దగ్గర జెండా వైపు తిరిగి నిలబడ్డారు. చుచీప్ కెమెరా వదిలేసి నిటారుగా నిలుచున్నాడు. ప్రయోంగ్ చాపిన చెయ్యి చటుక్కున తొడకి ఆనించాడు. కెమెరాకి చెట్లున్నాయి, మనుషులందరికీ చెట్లు వెనకపడ్డాయి. కెమెరా మాత్రం నడుస్తూనే ఉంది.

గీతం అయ్యాక ప్రయోంగ్ మీట కట్టేశాడు. "అక్కా, ఆరు దాటాక నడిచింది. నేను చూశాను."

"చూస్తే ఆపలేకపోయావా?"

"గీతంలో ఎలా కదల్ను?"

"మరి నేనెలా కదల్ను?"

ప్రయోంగ్ మరోసారి వాచీ చూసుకున్నాడు. "అన్నకి చెప్పాల్సొస్తుంది" అని గొణిగాడు. "నేనే చెబుతాలే, పో" అంది సమ్లీ.

ఇంట్లో చుచీప్ గోడకి దుప్పటి కట్టి, బొమ్మ వేసే పెట్టె పెట్టి, పనుందని వెళ్ళిపోయాడు. వెయ్యకముందే సమ్లీ అంతా చెప్పేసింది. తోంగ్‌బై విని, "ఆరింటి దాకా చూపించి ఆపెయ్" అన్నాడు. ఆమె మీట మీద వేలు పెట్టుకుని కూచుంది.

ఆ మొదటి నిమిషంలో ఏముంది? పచ్చటి మసక, ఒక ఊపు, చుచీప్ తిట్టు. తోంగ్‌బై దుప్పటి వైపే చూస్తున్నాడు. బొమ్మ అప్పుడే తేటపడింది. అంతలో దుప్పట్లోంచి గీతం మొదలైంది.

సమ్లీ ఆపబోయింది. చూస్తే మంచంలో తోంగ్‌బై రెండు చేతులూ పక్కలకి నిటారుగా చాపి ఉన్నాడు. ఆమె కూడా మీట వదిలేసి లేచి నిలబడింది. గీతం మధ్యలో కదిలే అలవాటు ఆ ఇంట్లో లేదు.

దుప్పటి మీద ఇంతింత మనుషులు రాళ్ళలా నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక నిద్రగన్నేరు చెట్లు ఊగుతున్నాయి. ముడుచుకుంటున్న ఆకుల మధ్యనుంచి ఎండ పడుతోంది, కొంగలు కొమ్మల్లోకి దిగుతున్నాయి. పార్కు మొత్తానికి కదులుతున్నవి అవే.

గీతం అయిపోయింది, బొమ్మ ఆగింది. తోంగ్‌బై చెంపలు తడిసిపోయాయి.

"ముప్ఫై ఏళ్ళు, సమ్లీ! రోజూ ఆ వేళకి జెండా వైపు తిరిగి నిలబడ్డా. నా వెనకాల ఇదా జరిగేది?"

ఆమె పక్కన కూచుని అతని మొహం తుడిచింది. మళ్ళీ వెయ్యమంటాడేమోనని చూసింది. అడగలేదు. దుప్పటి వైపు చెయ్యి చూపించి అన్నాడు: "రేపు పోయి ఆ నిమిషానికి డబ్బు కట్టిరా. అప్పుడు మళ్ళీ వేద్దువుగాని."

ఈసారి సమ్లీ అతన్ని తిట్టలేదు.

పొద్దున్నే ఆఫీసు తలుపు తీసేసరికి ఆమె అక్కడుంది. పార్కు వైపు నుంచి రంపం మిషన్ల మోత వినిపిస్తోంది. సంగతి విని కన్నికా నోరు తెరిచింది.

"ఒక్క నిమిషానికి రసీదేంటి పెద్దమ్మా! అదీ గీతం నిమిషానికి! ఎవరడుగుతారు మిమ్మల్ని? వెళ్ళండి ఇంటికి."

"ఎవరూ అడగరనే వచ్చానమ్మా. చెట్లు పోతున్నాయి, వింటున్నావుగా. ఇక ఆయనకి మిగిలింది ఆ నిమిషమే. అది దొంగసొమ్ము కాకూడదు."

కన్నికా కిటికీ వైపు చూసింది. "గంటకి తక్కువ రాయడం కుదరదు" అంది మెల్లిగా.

"గంటే రాయి."

"సినిమా తీసినవారి పేరు?"

"తోంగ్‌బై" అంది సమ్లీ. తర్వాత ఒక్క క్షణం ఆగి, "పక్కన నా పేరు కూడా రాయి. నీళ్ళు మోసింది నేను" అంది.

కన్నికా ఇద్దరి పేర్లూ రాసి ముద్ర కొట్టింది.