రాయని సున్నా

ఆ ఫౌండ్రీలో ఆవిడని అందరూ భూతద్దం అనేవారు. ఎదురుపడితే మాత్రం మేడమ్ అనేవారు లెండి. పంపుల కోసం పోతపోసిన ఇనుప ముక్కల్ని కోసి, నున్నగా సానపట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి, లోపల గాలి చిక్కుకుని ఎన్ని గుల్లలు పడ్డాయో తేల్చడం ఆవిడ పని. గదికి కిటికీ లేదు. దుమ్ము వస్తుందని తలుపు కూడా ఎప్పుడూ మూసే ఉంచాలి. పన్నెండేళ్లుగా ఆ నాలుగు గోడల మధ్యే.

అదే ఫౌండ్రీలో, నాలుగో లైనులో అచ్చులు కట్టే మేస్త్రీ ఆవిడకు స్వయానా బావగారు, భర్తకి అన్న. అన్నదమ్ములిద్దరి కాపురాలూ ఒకే ఇంట్లో. ఆయన పోసిన ముక్కలో గుల్ల వెతికినా దొరకదని పేరు. అందుకే తోటివాళ్లు ఆయన్ని సున్నా మేస్త్రీ అని పిలిచేవారు.

మొదట్లో ఆవిడ గుల్లల్ని కంటితోనే లెక్కపెట్టేది. సాయంత్రానికి కళ్లు మంటలెత్తేవి. తర్వాత కంప్యూటరూ, ఫొటోలో గుల్లల్ని లెక్కపెట్టే ప్లగినూ వచ్చాయి. ఒక్కో ఫొటోనీ తెరిచి, ప్లగిన్‌ని నడిపించి, అది చెప్పిన అంకెను రిపోర్టులో వేసే మాక్రో అనే చిన్న ప్రోగ్రామును ఆవిడే నెల్లాళ్లు కుస్తీపట్టి రాసుకుంది. చిక్కల్లా ఒకటే. ప్లగిన్ తన అంకెను తిన్నగా మాక్రో చేతిలో పెట్టదు. ఫలితాల పట్టికలో అడుగున ఒక వరుస చేర్చి ఊరుకుంటుంది. అందుకని, వెళ్లి ఆ చివరి వరుసలో ఉన్న అంకెను తెచ్చుకోమని మాక్రోకి చెప్పింది. పూటంతా పట్టే పని పావుగంటలో తెమిలిపోయింది. మేనేజరు నలుగురిలో మెచ్చుకున్నాడు.

ఆ తర్వాతే బావగారి రోజులు తిరగబడ్డాయి. ఒకరోజు పదిహేడు గుల్లలు, ఇంకోరోజు ఇరవై రెండు, మరోసారి నలభై ఒకటి. ప్రతి రిపోర్టు కిందా ఆవిడ సంతకమే. ఒకరోజు ఆయనే గది గుమ్మం దాకా వచ్చాడు.

"అమ్మాయ్, నా ముక్కని ఒక్కసారి నీ కంటితో చూడమ్మా."

"మెషిన్‌కి మీరూ ఒకటే, వేరేవాళ్లూ ఒకటే బావగారూ. అది తప్పు చెప్పదు" అంది ఆవిడ, తెర మీంచి చూపు తిప్పకుండానే.

ఆయన మరి అడగలేదు. చూపు మందగించిందేమోనని కొత్త కళ్లద్దాలు చేయించుకున్నాడు. నాలుగు నెలల తర్వాత ఆయన్ని అచ్చుల దగ్గర్నుంచి తీసేసి, స్టోర్సులో ఇనుప జాలీ వెనక, గ్లౌజులూ సానగుడ్డలూ ఇచ్చే కుర్చీలో కూర్చోబెట్టారు. ఇంట్లో భోజనాల దగ్గర ఆయన తలెత్తడం మానేశాడు.

నాలుగో లైనుకి కొత్త మేస్త్రీ వచ్చిన రెండు నెలలకి మూడో లైను మరమ్మతుకి ఆగింది. రోజూ ఖాళీ పట్టికతో మొదలుపెట్టి, ముందు మూడో లైను ముక్కనీ, ఆ వెంటనే నాలుగో లైనుదాన్నీ ఫొటో తీసేవారు. ఆ రోజు నాలుగో లైనుదే మొదటిదయింది. మాక్రో మధ్యలో ఆగి, పట్టికలో వరుసే లేదని మొరాయించింది. ఆవిడ ఫొటో చూసింది. అద్దంలా ఉంది. ఒక్క గుల్లా లేదు.

ఆవిడకి అప్పుడు తట్టింది. గుల్లలు లేకపోతే ప్లగిన్ సున్నా అని రాయదు. అసలేమీ రాయదు. అప్పుడు చివరి వరుసలో ఉండేది ఎవరి అంకె?

మూడో లైనువాళ్ల పాత ఫొటో ఒకటి తెరిచి, దాని వెనకే ఉత్త తెల్లకాగితం ఫొటో పెట్టి మాక్రోని నడిపింది. తెల్లకాగితానికి ఇరవై రెండు గుల్లలని రిపోర్టు వచ్చింది. బావగారి పాత ఫొటోల్ని ఒక్కొక్కటే విడిగా తెరిచింది. ఖాళీ. మళ్లీ ఖాళీ. పనితనం ఎంత శుభ్రంగా ఉంటే, పక్కవాళ్ల గుల్లలు అంత తప్పకుండా ఆయన నెత్తిన పడ్డాయి.

మేనేజరు అంతా విని తలుపు దగ్గరగా వేశాడు.

"మాక్రో సరిచెయ్యండి. పాత రిపోర్టుల జోలికి మాత్రం పోకండి."

"ఆయన తప్పేం లేదు సార్."

"నేను కాదన్నానా? ఇప్పుడది బయటపడితే మన రిపోర్టు ఒక్కటైనా ఎవరైనా నమ్ముతారా? వాటి మీద సంతకాలు మీవే, అది గుర్తుంచుకోండి."

మాక్రోకి రెండే పంక్తులు చేర్చింది: ఫొటో ఫొటోకీ పట్టికను తుడిచెయ్యి, వరుస లేకపోతే సున్నా వెయ్యి. పది నిమిషాల పని. ఆ పది నిమిషాల్ని ఇంటికి మోసుకెళ్లడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు. మూడు రోజులు ముద్ద దిగలేదు. వంటింట్లో తోటికోడలు "ఏమైందే నీకు?" అని అడిగితే మొహం తిప్పుకుంది. నాలుగో రోజు కంచాల ముందు కూర్చున్నప్పుడు చెప్పేసింది.

బావగారు కలుపుతున్న చెయ్యి ఆపాడు. "అంటే నా పోతల్లో గుల్లల్లేవా?"

"లేవు బావగారూ. ఒక్కటంటే ఒక్కటి లేదు."

"నా చెయ్యే పాడైపోయిందనుకున్నాను" అన్నాడు. ఆ చేతినే కాసేపు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

తోటికోడలు మాత్రం కంచం తీసుకుని లేచిపోయింది. "కళ్లతో ఒక్కసారి చూడమంటే చూడలేకపోయావు" అంది లోపల్నుంచి. ఆ వంటింట్లో వాళ్లిద్దరి మధ్య అవసరానికి మించి మాట పుట్టడం అప్పటినుంచి ఆగిపోయింది.

మర్నాడు ఆవిడ మేనేజర్ని దాటి, పెద్దాఫీసుకి కాగితం పెట్టింది. తప్పు తనదేనని రాసింది. ఫొటోలన్నీ మళ్లీ పరీక్షించారు. వందకు పైగా రిపోర్టులు మారాయి. బావగారి తప్పేమీ లేదని ఉత్తరం ఇచ్చారు గానీ, నాలుగో లైనులో ఖాళీ లేదన్నారు. ఖాళీ వచ్చినప్పుడు చూద్దామన్నారు. ఆవిడ గదిలోంచి కంప్యూటరు ఎత్తుకుపోయారు. ఇకమీదట కంటితోనే లెక్కపెట్టి పుస్తకంలో రాయమన్నారు. మానేస్తానంటే భర్త ఒప్పుకోలేదు. "దోషిలా పారిపోతావా?" అన్నాడు. ఉండాలంటే ఆ గదే, ఇంటికెళ్తే ఆ వంటిల్లే.

వారానికోసారి సానగుడ్డల కోసం స్టోర్సుకి వెళ్లక తప్పదు. ఒకరోజు అలాగే వెళ్లింది. బావగారు జాలీ కింది సందులోంచి గుడ్డలు తోశాడు. ఆవిడ సంతకం చేసింది.

"నాలుగో లైను ఎలా ఉంది?" అని అడిగాడు మెల్లగా.

"తొమ్మిది గుల్లలు బావగారూ. కంటితోనే చూశాను."

"అచ్చు తడి ఆరకుండానే పోస్తున్నారు, ఆ ఆవిరే గుల్లలవుతోంది" అన్నాడాయన. కుర్చీలోంచి సగం లేచి, లైన్ల వైపు చూసి, మళ్లీ కూర్చున్నాడు.