ఉందనుకుందాం

జగ్గయ్యపేట దగ్గర మిరప కళ్లం ఘాటుకి డ్రైవరు ఒక్క తుమ్ము తుమ్మితే, బస్సు వెనక్కి దొర్లుకుంటూ వచ్చి నందిగామలో ఆగిందని అక్కడి మా కాలేజీలో చెప్పింది నేనే. డెబ్భైల్లో ఇంటర్ చదివే రోజులవి. రోజూ పేట నుంచి ఆ బస్సులోనే వచ్చేవాణ్ణి గనక నమ్మేవాళ్లూ ఉండేవాళ్లు.

ఒకనాడు లెక్కల మాస్టారు మైనస్ ఒకటికి వర్గమూలం బోర్డు మీద రాసి, "ఇట్లాంటి సంఖ్య ఒకటుందనుకుందాం" అన్నారు. దాన్ని కల్పిత సంఖ్య అంటారట. కల్పితం అనేసరికి నాకు మా ఊరివాడెవరో కనిపించినంత సంతోషం కలిగింది.

"అంటే లేదనేగదండీ? మీరు చెబితే లెక్క, నేను చెబితే అబద్ధమాండీ?"

క్లాసు గొల్లుమంది. మాస్టారూ నవ్వారు.

"నీ బస్సు మొన్న నందిగామలో ఆగింది. నిన్న కంచికచర్ల దాకా పోయిందంట. ఇదట్లా కాదు. ఈ సంఖ్యని నాలుగుసార్లు రాసి గుణించు. నువ్వు చేసినా నేను చేసినా ఒకటే వస్తది. మన మాట విననిదాన్ని లేదని ఎట్లా అంటావయ్యా?"

ఈసారి క్లాసు నన్ను చూసి నవ్వింది. ఆ ఉక్రోషం లోపల ఉండిపోయింది.

వీరులపాడు నుంచి సైకిల్ మీద వచ్చే నా స్నేహితుడికి ఇంజనీరు కావాలని కోరిక. నోటుపుస్తకాల అట్టల మీద వంతెనలు గీసేవాడు. పరీక్ష ఒక్కసారి తప్పినా చదువు మాని అరక పట్టాల్సిందేనని వాళ్ల నాన్న ముందే చెప్పాడు. ఈ పాఠం మాత్రం వాడికి ఎంతకీ ఎక్కలేదు.

"లేనిదాన్ని ఎట్లా గుణిస్తార్రా?"

"నీకు తెలవదా? లేదనే తేలిందంట. పరీక్షకి ఆ పాఠం తీసేశారు. మా బాబాయి హైదరాబాదులో ఆర్డరు కాగితం చూశాడు."

"నిజంగా?"

"ఒట్టు. గుండ్రంగా స్టాంపు కూడా ఉందంట."

సాయంత్రం నిజం చెప్పేద్దామనుకున్నాను. వాడు తేలికపడి టీ ఇప్పించాడు. తాగాను. మర్నాడు చెబుదామనుకున్నాను. తర్వాత పరీక్షల సెలవులిచ్చారు.

ఇంట్లో కూర్చుని ఆ పాఠం నేను మాత్రం రెండుసార్లు చదివాను.

పెద్ద ప్రశ్న అందులోంచే వచ్చింది. నేను గట్టెక్కాను. వాడు మూడు మార్కులు తక్కువై తప్పాడు. వాళ్ల నాన్న అన్నంత పనీ చేశాడు.

పదేళ్ల తర్వాత నందిగామ బస్టాండులో పత్తిచేను పురుగుమందు డబ్బాతో కనిపించాడు.

"ఏరా, మీ పేట బస్సు ఇంకా వెనక్కే వస్తందా?"

నవ్వబోయాను.

"ఒకటి అడుగుతా చెప్పు. ఆ కాగితం... అసలుందా?"

బాబాయి, హైదరాబాదు, స్టాంపు అన్నీ నోటిదాకా వచ్చాయి. జీవితంలో మొదటిసారి ఒక్కటీ బయటికి రాలేదు. లేదు అనే రెండక్షరాలు కూడా రాలేదు.

"పోన్లే. ఉందనుకుందాం" అని డబ్బా ఎత్తుకుని వీరులపాడు బస్సెక్కాడు.

లేదురా అని చెబుదామని నాలుగడుగులు పరిగెత్తాను. ఆ బస్సు వెనక్కి రాలేదు.