దశరథం సారు చెప్పిన చట్టం

సుల్తానాబాద్‌లో దశరథం సారు ఎదురొస్తుంటే జనం సైకిళ్లు సందులోకి తిప్పేవారు. ఇంగ్లిష్‌లో చుట్టరికాల పేర్లు ఎలా పుట్టాయో చెప్పడం ఆయనకు పిచ్చి. సవతి తల్లిని 'స్టెప్ మదర్' అంటారు కదా, ఆ 'స్టెప్' మెట్టు కాదు, తల్లో తండ్రో పోయిన పిల్లల దిక్కులేనితనం అని పాలు పోయడానికి వచ్చినవాణ్ని కూడా నిలబెట్టి చెప్పేవాడు. అవతల పాలు విరిగిపోతున్నా ఇవతల పాఠం ఆగేది కాదు.

ఇన్ని మాటలు తెలిసిన మనిషికి 'వద్దు' అనే రెండక్షరాలు మాత్రం అత్త ముందు నోరు దాటేవి కావు. 1978లో ఆ రెండక్షరాలతోనే పని పడింది. భార్య పోయి రెండేళ్లయింది. అత్త కనకవ్వకు మగపిల్లలు లేరు, మిగిలింది చిన్నకూతురు భూలక్ష్మి. మరదలు వరసే కదా అని ఆ పిల్లను ఆయనకే ఇస్తానని కనకవ్వ పట్టుబట్టింది. భూలక్ష్మికేమో కరీంనగర్ పోయి టీచర్ ట్రైనింగ్ చదవాలని ఉంది.

"బావా, నువ్వొక్కసారి కాదంటే అయిపాయె. నా మాట అవ్వ ఇనది," అని బతిమాలింది. గౌన్లు తొడుక్కునే వయసు నుంచి చూస్తున్న పిల్ల, ఆయనకూ చెల్లెలి లెక్కే.

ఆదివారం పొద్దున కనకవ్వ రాట్నం మీద నూలు కండెలు చుడుతూ ముహూర్తం మాట ఎత్తింది. కాదనే ధైర్యం లేక సారు అలవాటైన దారే పట్టాడు.

"అత్తమ్మా, ఇంగ్లిషోళ్లు మరదల్ని సిస్టర్ ఇన్ లా అంటరు. లా అంటే చట్టం, వాళ్ల చర్చిది. పెండ్లయినంక పెండ్లాం చెల్లె సొంత చెల్లె లెక్కనే, ఆమెను చేసుకోవద్దని ఆ చట్టం."

రాట్నం ఆగింది. "గట్లనా? మరి నన్నేమంటరు?"

"మదర్ ఇన్ లా. చట్టం ప్రకారం తల్లివి."

"బిడ్డ సచ్చిపోయినంక గూడనా?"

దశరథానికి అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ ఈవిడది మొండితనం అనుకున్నాడు. అల్లుడు పరాయి పిల్లను చేసుకుంటే ఉన్న ఒక్క మగదిక్కూ మళ్లీ ఈ గడప తొక్కదేమోనన్న భయం అది.

"గూడ," అన్నాడు.

కనకవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అయితే రేపే నీ చెల్లెను కరీంనగర్ తోల్కపో," అంది.

పదేళ్ల తర్వాత, పంతులమ్మ అయిన భూలక్ష్మి ఓ లావుపాటి పుస్తకం పట్టుకొచ్చింది. "బావా, నువ్వు అవ్వకు చెప్పిన చట్టాన్ని ఇంగ్లిషోళ్లు 1907లనే తీసేసిండ్రట."

సారు కళ్లద్దాలు తుడుచుకోవడంలో మునిగిపోయాడు. ఆ సంగతి ఆయనకు అప్పుడూ తెలుసు.

మంచంలో పడుకున్న కనకవ్వే జవాబు చెప్పింది.

"కొడుకు దొరికినంక నాకు చట్టంతోని ఏం పని?"