చేతులుంచి పంపినోళ్లు

మా చర్చి సంఘపెద్దలకు ఒక అలవాటుంది. పిల్లోడు గుడికి రావడం మానేస్తే సినిమాను తిడతారు, క్రికెట్టును తిడతారు, కాలేజీని తిడతారు. అద్దంలోకి మాత్రం చూడరు. దువ్వుకోను తలమీద ఏమీ మిగల్లేదని గాబోలు.

నేను చదివింది ఏడో తరగతి. జమ్మలమడుగు బస్టాండు దగ్గర పంచర్ల అంగడి నాది. శనివారం సాయంత్రం పని అయిపోయినాక మా గుడి వయసు పిల్లోళ్లు ఆడ చేరేటోళ్లు. సంఘంలో పదేండ్లోనికి వాక్యాల పోటీ ఉంది, అరవయ్యేండ్లోనికి కమిటీ ఉంది. నడిమోనికి బెంచీలు మోసే పని తప్ప ఏమీ లేదు. అందుకని టైర్ల మీద కూర్చోబెట్టి బైబిలు చదివించేటోన్ని, అడిగేదానికి నాకు తెలిసినంత చెప్పేటోన్ని.

అందరికంటే ఎక్కువ అడిగేటోడు మా అక్క కొడుకు. వాళ్ల నాయనకు కుడికాలు లేదు. పాత కక్షల్లో నరికినారు.

"మామా, శత్రువును ప్రేమించమంటాడే, మా నాయన కాలు తీసినోన్ని గూడానా?"

"ముందు నీ సైకిలు గాలి తీసేటోన్ని ప్రేమించరా. కత్తి పట్టినోని దగ్గరికి మెల్లగా పోదాం."

నవ్వి పోయినాడు. మళ్లా శనివారం వచ్చి, "సైకిలోడు అయిపోయినాడు మామా. తర్వాతెవరు?" అన్నాడు. అట్లా ఆలోచించేటోన్ని పోగొట్టుకున్నాం మేము. పోగొట్టుకోవడం గూడా కాదు, ఇచ్చేసినాం.

ఓట్లొచ్చినాయి. గుడికి ప్రహరీగోడ కట్టిస్తానని నాయకుడు మాటిచ్చినాడు. సిమెంటు మూటలు చిలమకూరు ఫ్యాక్టరీ నుంచి ముందే దిగినాయి. దానికి బదులుగా పెద్దాయన, అంటే రిటైరైన బడి అయివారు, మా సంఘపెద్ద, ఆదివారం మా అక్క కొడుకుతో కలిపి నలుగురు పిల్లోళ్లను ముందుకు పిలిచినాడు. పోలింగు బూతులో ఆ నాయకుని ఏజెంట్లుగా కూర్చోవల్ల, ఇది గూడా దేవుని సేవే అన్నాడు. పాస్టరయ్య వాళ్ల తలల మీద చేతులుంచి ప్రార్థన చేసినాడు. పల్లెల్లో పాటలు నేర్పించేదానికి పోయేటోళ్ల మీద చేతులుంచేది మా ఆచారం. ఆ పొద్దు దాన్ని నాయకుని జీపెక్కేటోళ్లకు వాడినారు.

నేను లేచి నిలబడినా. "అప్పా, మన సీమలో ఏజెంటంటే కుర్చీలో కూర్చునేది కాదు. ఒకసారి కూర్చుంటే ఎవరి మనిషో ముద్ర పడిపోతాది. గోడ నిలబడతాది, పిల్లోడు పడతాడు."

"నువ్వు పంచర్లేసుకో," అన్నాడు పెద్దాయన. గుడంతా నవ్వింది. నా జోకులకు ఏనాడూ అంత నవ్వలేదు.

బూతు దగ్గర రాళ్లు పడినాయి, తలలు పగిలినాయి. మావోడు రాయి ముట్టలేదు, అయినా కేసులో పేరెక్కింది. నాయకుని మనుషులు జీపులో వేసుకొని పులివెందులకు తీసకపోయినారు. ఆడ అన్నం పెట్టినారు, తెల్లచొక్కా ఇచ్చినారు, 'ఏం తమ్ముడూ' అని భుజం మీద చెయ్యేసినారు. వాని పేరు తప్పు లేకుండా పిలవడానికి మా కమిటీకి ఇరవయ్యేండ్లు చాల్లేదు.

బస్సెక్కి పోయినా. మావోడు జీపు పక్కన నిలబడుండాడు.

"ఇంటికి రారా. ఆదివారం ప్రభువు బల్ల ఉంది, కలిసి రొట్టె తీసుకుందాం."

"చేతులుంచి పంపించింది మీరే గదా మామా. ఇప్పుడు వద్దంటే మాట మార్చింది దేవుడా, మీరా?"

"మేమేరా. దాంట్లోకి దేవున్ని లాగొద్దు," అన్నా.

"అయితే ఆ మాట ఆ చేతులు పెట్టినోళ్లనే వచ్చి చెప్పమను."

తిరిగొచ్చి కమిటీలో అడిగినా. పెద్దాయన చెప్పిన జవాబు ఇది: "పిల్లోళ్లు చెడిపోతాండారు. యువజన సదస్సు పెడదాం. విశ్వాసంలో నిలబడేదెట్లో చెప్పేదానికి కోస్తా నుంచి మంచి వక్తను పిలుద్దాం." "వక్త ఎందుకప్పా? పులివెందులకు బస్సుంది. ఎక్కండి," అన్నా. ఒకనికి మోకాళ్ల నొప్పి, ఇంకొకనికి సంత, ఇంకొకనికి ఆ ఊరి నీళ్లు పడవంట.

పాస్టరయ్య ఒక్కడు వచ్చినాడు. తలకు తువ్వాలు కప్పుకొని వచ్చినాడు, అయినా వచ్చినాడు. జీపు మనుషులు చూస్తాండగానే మావోనితో, "నేను చేసింది ప్రార్థన కాదు నాయనా. గోడ రాదేమోనని భయపడి చేసిన పని. క్షమించు," అన్నాడు. వాడు పాస్టరయ్య సంచి అందుకొని మేము బస్సెక్కేదాకా వెంబడి వచ్చినాడు.

ఇంటికి మాత్రం రాలేదు. మా గుడి అవతలి పార్టీ వాళ్ల వీధిలో ఉంది, ముద్ర పడినోడు వస్తే బతకనియ్యమని ఈలోపు కబురు పంపినారు. తెల్లచొక్కా జీపు వాళ్లకిచ్చేసి, కేసు వాయిదాలకు తిరుగుతానే, ప్రొద్దుటూరులో బట్టలంగట్లో చేరినాడు. ఆదివారం ఆడ ఒక చిన్న గుడిలో, తలుపు పక్క బెంచీలో కూర్చుంటాడు. నేను గూడా బస్సెక్కి ఆడికే పోతాండా. ఆరాధన అయినాక బయట టీ తాగుతా మళ్లా మొదలుపెడతాడు ప్రశ్నలు.

ఇప్పుడు నేను గూడా విశ్వాసం వదిలేసినానని మా పెద్దలు చెప్పుకుంటాండారంట. చెప్పుకోనీ.