రాళ్లలోయలో పెళ్లిచూపులు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. ఎవరు ఏది అడిగినా ‘నాకు రాదు’ అనడానికి నోరు వచ్చేది కాదు. ఢిల్లీలో సాకేత్ దగ్గర ఆఫీసు, కంటోన్మెంటులో మా పిన్నివాళ్ల క్వార్టర్సులో మకాం. బాబాయి సైన్యంలో సుబేదారు. ఇంట్లో ఉప్మా తినడానికి కూడా టైము పెట్టే మనిషి. పిన్ని దానికి పూర్తిగా ఎదురు. తెనాలి నుంచి ఢిల్లీ దాకా ఆవిడకు తెలియని సంబంధం లేదు, ఆవిడ నోట పెరిగి పెద్దవకుండా బయటికొచ్చిన మాటా లేదు. అలాంటి పిన్ని ఒక శనివారం బఠాణీలు ఒలుస్తూ, "ఏమే, రేపు పొద్దున్నే లే. గుర్‌గావ్‌లో పనిచేసే అబ్బాయట, వైజాగ్ వాళ్లు. ఇంట్లో కూర్చుని కాఫీలూ స్వీట్లూ వద్దు, కొండలెక్కుతూ మాట్లాడుకుందాం అన్నాడట. అతనికి కొండలంటే ప్రాణమట" అంది. జీవితంలో నేనెక్కిన కొండ తిరుమల ఒక్కటే, అదీ సగం దాకా (మిగతా సగం బస్సులో). అయినా "ఓ, దానికేం!" అనేశాను. అప్పటికప్పుడు కరోల్ బాగ్ పరుగెత్తి బూట్లు కొనుక్కొచ్చి, నిద్రపట్టేదాకా ఫోనులో కొండలెక్కేవాళ్ల వీడియోలు చూశాను.

పొద్దున్న చూస్తే పిన్ని మామిడిపండు రంగు పట్టుచీరలో ఉంది. "రాళ్లలోకి పట్టుచీరేంటి పిన్నీ?" అంటే, "పెళ్లిచూపులకి పట్టుచీరే కడతారు. రాళ్లు వాళ్లు పెట్టుకున్నారు, చీర నేను కట్టుకున్నాను" అంది. బాబాయితో కలిసి ముగ్గురం బయల్దేరాం. గుర్‌గావ్ దాటాక, ఒకప్పుడు రాయి తవ్వుకుపోయి వదిలేసిన లోయ అది. అప్పటికే దాన్ని పార్కు అంటున్నారు. రెండు పక్కలా ఎర్రటి రాతిగోడలు, అడుగున ఇసుక, ఎటు చూసినా తుమ్మముళ్లు. అద్దాల మేడల పక్కన రాజస్థాన్ ఎడారి ముక్కొకటి తెంపి పడేసినట్టుంది. అబ్బాయి రెండు చేతికర్రలతో, గడ్డం కింద తాడు కట్టిన టోపీతో, గొట్టంలోంచి నీళ్లు పీల్చుకునే సంచీతో వచ్చాడు. పక్కన వాళ్లమ్మగారు, నేతచీర మీద స్పోర్ట్స్ బూట్లు వేసుకుని.

"ఈ కొండలు హిమాలయాల కన్నా పాతవండీ" అన్నాడు అబ్బాయి. "అచ్ఛా" అన్నాను. "ఈ పొరలు చూశారా? కోట్ల ఏళ్లు పట్టి ఉంటుంది." "అచ్ఛా." (ఆయాసంలో అంతకన్నా పొడుగు మాట రావడం లేదు. అతను దాన్ని వినయం అనుకున్నాడని తర్వాత తెలిసింది.) ఒక మలుపు తిరిగేసరికి దారికి అడ్డంగా గుర్రమంత నీల్‌గాయి, అదే మనుబోతు జింక. అబ్బాయి కర్రలు గుండెకి ఆనించుకుని, "కదలకండి, కళ్లలోకి చూడకండి" అని గుసగుసలాడాడు. బాబాయి కూడా సావధాన్‌లో నిలబడిపోయాడు. వెనక నుంచి పిన్ని, "అందరూ ఆగిపోయారేం?" అంటూ ముందుకొచ్చి, "హోయ్! పో అవతలికి! శుభమా అని వెళ్తుంటే దారికడ్డంగా!" అని పులిహోర సంచీ గిరగిరా తిప్పింది. పాపం, అది వెళ్లిపోయింది.

అక్కడి నుంచి దారి తప్పాం. అబ్బాయి ఫోనులో సిగ్నల్ పోయింది. బాబాయి పగ్గాలు అందుకుని, "సూర్యుణ్ణి కుడివైపు ఉంచుకుని నడవండి" అన్నాడు. లోయ వంకర్లు తిరుగుతోంది, సూర్యుడు మాత్రం ఆయన ఆర్డరు వినడం లేదు. నడిచి నడిచి ఒకచోట ఇసుకలో కమలాతొక్కలు కనబడితే బాబాయి ముఖం వెలిగిపోయింది. "చూశారా, మనకంటే ముందు ఎవరో వెళ్లారు. దారి కరెక్టే!" ఆ తొక్కలు మేమే పడేసినవని ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సరిగ్గా అప్పుడే అబ్బాయి కుడి బూటు అడుగు ఊడి, మొసలి నోరులా తెరుచుకుంది. అడుగేస్తే టప్, మళ్లీ అడుగేస్తే టప్. నాకు నవ్వాగలేదు. పిన్ని గిల్లింది. గిల్లేకొద్దీ నవ్వు పెరిగి, కడుపు పట్టుకుని రాయి మీద కూలబడ్డాను. సంబంధం అక్కడితో సరి అని పిన్ని ముఖంలో రాసి ఉంది. నాకూ లోపల గుబులే. మనిషి బాగున్నాడు మరి.

అతను ఎదురుగా ఇంకో రాయి మీద కూర్చున్నాడు. "నిజం చెప్పనాండీ? కొండలంటే నాకు భయం. మీకు ప్రాణమని మీ పిన్నిగారు చెబితే, ఈ బూట్లు ఫ్రెండు దగ్గర అడిగి తెచ్చుకున్నా."

"నాకా? మీకే ప్రాణమని చెప్పింది కదా!"

ఇద్దరం కలిసి పిన్ని వైపు తిరిగాం. ఆవిడ చీర అంచులో ముళ్లు తీసుకుంటూ, తల ఎత్తకుండా, "ఇద్దరికీ ఇష్టమైనదొకటి ఉంటే మాటలు కలుస్తాయని, ఆ ఇష్టమేదో నేనే చూసి పెట్టాను. తప్పా?" అంది.

"ఒకటో అంతస్తుకి కూడా లిఫ్టులో ఎళ్లేవాడు, వీడికి కొండలేటి అని నేను అప్పుడే అనుకున్నాను వదినగారూ" అన్నారు వాళ్లమ్మగారు.

పులిహోర సంచీ తాడుతో బూటు కట్టుకుంటుండగా, గట్టు అవతల నుంచి బ్యాండుమేళం వినిపించింది. ఆ చప్పుడు పట్టుకుని, ఒకరినొకరు లాక్కుంటూ గట్టెక్కితే, ఏదో ఫామ్‌హౌస్ గేటు ముందు తేలాం. లోపల పెళ్లి. గేటు దగ్గరున్న ఆవిడ పిన్ని పట్టుచీర చూసి, "ఆయియే ఆంటీజీ, ఆయియే!" అంటూ బొట్టు పెట్టింది. తర్వాత దుమ్ము కొట్టుకుపోయిన మమ్మల్ని చూసి ఆగింది. పిన్ని ఏమాత్రం తొణక్కుండా, "యే సబ్ మేరే సాథ్ హైఁ" అని, వీళ్లంతా నా వెంట వచ్చినవాళ్లే అన్నట్టు మహారాణిలా లోపలికి నడిచింది. వేడి జిలేబీలు తింటుండగా అబ్బాయి నా వైపు వంగి, "మరి మీకు నిజంగా ఏది ఇష్టమండీ?" అన్నాడు. "కూర్చోవడం" అన్నాను. "నాకూ అంతే" అని హాయిగా నవ్వాడు. ఎవరి పెళ్లో తెలియని ఆ పందిట్లోనే మా పెళ్లి ఖాయమైంది.

మొన్న చలికాలంలో మా అమ్మాయిని తీసుకుని ముగ్గురం మళ్లీ వెళ్లాం. ఇప్పుడక్కడ కంచెలు, బోర్డులు, సిమెంటు బెంచీలు. బెంచీ మీద కూర్చుంటే లోయంతా కనిపిస్తోంది. మా అమ్మాయి ఒక చుట్టు పరుగెత్తి వచ్చి, "మమ్మీ, యహాఁ కోయీ ఖో కైసే సక్తా హై?" అంది. ఇంత చిన్నచోట ఎవరైనా ఎలా తప్పిపోతారని దాని అనుమానం. మా ఆయన గంభీరంగా, "అప్పుడు పెద్దగా ఉండేదమ్మా" అన్నాడు. నేను మాత్రం ఆ ఇసుకదారి వైపే చూస్తూ కూర్చున్నాను. జుట్టు నిండా దుమ్ముతో, ఎటు వెళ్లాలో తెలియక అక్కడక్కడే తిరుగుతున్న ఆనాటి కొత్తబూట్ల అమ్మాయికి ఎదురెళ్లి ‘దారి ఇటు’ అని చెప్పాలనిపించింది. కానీ చెబితే త్వరగా బయటపడిపోతుంది కదా, అని ఊరుకున్నాను.