ఉడుపుల ఆదివారం

పోయిన వారం కొట్టతను పంపిన బియ్యం తెల్లటి ప్లాస్టిక్ సంచిలో వచ్చింది. మూతి విప్పుతూ, అలవాటు చొప్పున సంచిని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. గోనెసంచి వాసన ఎరిగినవాళ్ళు మీలో ఉంటే, నేను దేనికోసం వెతికానో వేరే చెప్పనక్కర్లేదు.

ఇరవై నాలుగేళ్ళ వయసులో నేను విజయనగరం పొలిమేరలో ఒక జూట్ మిల్లులో మగ్గం మీద పనిచేసేవాణ్ణి. ఊళ్ళో మా మెట్టలో వేసిన గోగు కోసి, చెరువులో నానేసి, నడుంలోతు కంపునీళ్ళలో నిలబడి మా ఆవిడ తీసిన నారే, ఎన్ని చేతులు మారితేనేం, ఏదో ఒకనాడు నా మగ్గం మీదికి వస్తుందని నమ్మేవాణ్ణి. మా లైనులో చాలామందికి అలాంటి ఊరూ, అలాంటి ఒక ఎకరం మడీ ఉండేవి. అందుకే మంచి వాన పడ్డ మర్నాడు సగం మగ్గాలు మూగబోయేవి. పైవాళ్ళు తిట్టుకునేవారు, ఉడుపులు, అంటే వరినాట్లు, కాగానే మేం తలలు వంచుకుని తిరిగొచ్చేవాళ్ళం.

ఆ ఏడు వానలు ఆలస్యమై, శ్రావణం సగమయ్యాక పడ్డాయి. సరిగ్గా అప్పుడే మిల్లుకు పెద్ద ఆర్డరు రావడంతో, చెప్పకుండా మానేసినవాడి పేరు కొట్టేస్తామని గేటుకి కాగితం అంటించారు. నేను భయపడి ఉండిపోయాను. వాన వెలిసిన మూడో రోజు, షిఫ్టు మారే వేళకి, మా ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉంది. ఆమదాలవలస అవతల మా చిన్న స్టేషన్లో పాసింజరెక్కి ఒక్కతే వచ్చింది. ఆమె నా మేనమామ కూతురు. నన్ను బావా అనే పిలుస్తుంది.

"ఆకు ముదిరిపోతన్నాది బావా," అంది. మా వైపు వరినారును ఆకు అంటారు. "మడిలో నీళ్ళున్నాయి. మరో నాల్రోజులు పోతే ఆకూ ఉండదు, నీళ్ళూ ఉండవు. ఎవుడి మడి ఆడిదే, దమ్ము పట్టడానికి ఒక్క మగోడు దొరకలేదు."

నేను నోరు విప్పేలోగా మా మేస్త్రీ వచ్చాడు. బొబ్బిలి వైపు మనిషి. మిల్లులో చేరాక ఉన్న భూమి వదులుకున్నాడని, ఎవరైనా ఊరి మాటెత్తితే విసుక్కుంటాడని అనుకునేవాళ్ళం.

"సూడమ్మా, ఈడిప్పుడు ఎల్తే మరి రానక్కర్లేదు," అన్నాడు.

ఆమె బెదరలేదు. "సంచులు నేస్తారు సరే బాబూ, మరందులో ఏటి పోస్తారు?" అంది.

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. నేనూ ఆయన వెనకే వెళ్ళాను. ఆమె తిరిగి చూడకుండా స్టేషను వైపు నడిచింది. ఆనాడు నేను వేసిన ఆ నాలుగడుగులు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆదివారం మిల్లుకి సెలవు. ఒక్క రోజులో ఏమవుతుందిలే అనుకుంటూనే తెల్లవారుజాము పాసింజరుకి వెళితే, ప్లాట్‌ఫారం మీద మేస్త్రీ పంచె ఎగ్గట్టి కూర్చుని ఉన్నాడు. చుట్టూ మా లైనువాళ్ళు ఐదుగురు. వాళ్ళలో ఇద్దరు పట్నంలోనే పుట్టి పెరిగి, బురదలో ఎన్నడూ కాలుపెట్టనివాళ్ళు.

"ఏటలా సూస్తావు? టిక్కెట్లు తీసేసినాం, రా," అన్నాడు మేస్త్రీ.

మా ఎద్దులకూ, మా మావ ఎద్దులకూ నాగళ్ళు కట్టాం. ఒక నాగలి మేస్త్రీ పట్టాడు. మొదటి చాలు వంకర పోయింది. మూడో చాలుకి ఎద్దులు ఆయన గొంతు గుర్తుపట్టినట్టు నడిచాయి. మిగిలినవాళ్ళు గట్లు చెక్కారు, ఆకు కట్టలు మోశారు. పట్నం కుర్రాళ్ళు, ఉడుపులకొచ్చిన ఊరి ఆడవాళ్ళ పక్కన వంగి నాటబోతే వరసలు పాముల్లా తిరిగాయి. ఆడవాళ్ళు నవ్వలేక నవ్వలేక గట్టెక్కి కూర్చున్నారు. మా ఆవిడ మాత్రం వాళ్ళు నాటిన మొక్కల్లో ఒక్కదాన్నీ పీకనివ్వలేదు. పొద్దు వాలేసరికి ఎకరమూ పచ్చబడింది. మా ఆవిడ తెచ్చిన అంబలి తాగి, సాయంత్రం బండికి బయల్దేరాం.

దారిలో అందరం కాలవలో కాళ్ళు కడుక్కున్నాం. మేస్త్రీ కడుక్కోలేదు. రైల్లో ఆయన మోకాళ్ళదాకా బురదతోనే కూర్చుని, అది ఎండి పగుళ్ళు తీస్తుంటే చూసుకుంటూ ఉండిపోయాడు. మర్నాడు మగ్గాల మధ్య ఎప్పటిలాగే కసురుతూ తిరిగాడు.

ఆ మిల్లు మూతపడి చాలాకాలమైంది. మా మడి కౌలుకిచ్చి, మేమిద్దరం పట్నంలోనే ఉంటున్నాం. పాసింజరు మాత్రం ఇంకా నడుస్తోంది. అప్పట్లో వాన పడ్డ మర్నాడు పట్నం నుంచి ఊళ్ళవైపు వెళ్ళే పెట్టెల్లో నిలబడే చోటు దొరికేది కాదు. మొన్న పెద్ద వాన కురిశాక, ఏమీ పని లేకుండానే స్టేషను దాకా నడిచాను. ఊళ్ళనుంచి వచ్చిన బండి కిక్కిరిసి ఉంది. ఊళ్ళవైపు వెళ్ళే బండి నా ముందే కదిలింది. కిటికీ తర్వాత కిటికీ, అన్నీ ఖాళీ.